తల్లితొట్టిలో చప్పట్ల మొక్క

కార్తీక బహుళ విదియ

ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. తొట్టిలో ఉన్న పెద్ద పగడం, మా తల్లికొమ్మ, కొసలన్నీ నీలంగా, బతికి ఉన్నాయి. సముద్రపు గట్టు ఆఫీసుకు కావలసింది ఇంతే. కానీ మా ఇళ్ల వరసకున్న తల్లితొట్టిని చూసుకునేదాన్ని నేను, రోజూ రాయాల్సిందాన్నీ నేనే, కాబట్టి నాకు తోచింది కూడా రాస్తాను. చదవడం ఇష్టం లేనివాళ్లు మానెయ్యండి.

పక్కింట్లోకి కొత్తవాళ్లు దిగారు. ఆవిడ పేరు సుభాషిణి, తెనాలి వైపు మనిషి. భర్తకు ఉప్పునీళ్ల ప్లాంటులో ఉద్యోగం. లోతట్టు ఊళ్లలో పగడాల తొట్టెలు అందం కోసం పెట్టుకుంటారట, సోఫా పక్కన. ఇక్కడ మేం తొట్టిలో పెంచేది గోడ. ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు.

గృహప్రవేశం పేరంటానికి వరసంతా వెళ్లాం. గట్టు మీద ఆచారం ఒకటుంది. కొత్త ఇంట్లో తాంబూలంతో పాటు ఒక పగడం ముక్క ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు దాన్ని తెల్లారేదాకా తమ తొట్టిలో ఉంచాలి, బదులుగా తామూ ఒక ముక్క ఇవ్వాలి. వద్దంటే ఇంక ఆ గడప తొక్కనన్నట్టే. ఆవిడ నా చేతిలో పెట్టిన ముక్క చూసి నాకు ఒళ్లు మండింది. మెత్తజాతి. గులాబి రంగు కాడ, దాని చివర చిన్న చిన్న వేళ్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి.

"చప్పట్లు కొడతాయండీ," అంది ఆవిడ మురిసిపోతూ. "మావైపు అందరూ దీన్నే అడుగుతారు. చప్పట్ల మొక్క అంటాం."

ఆడవాళ్లంతా వంగి వంగి చూశారు, బుగ్గలు నొక్కుకున్నారు. ఎముక లేనిది, రాయి కట్టనిది, చప్పట్లు కొడితే ఎవడిక్కావాలి? బయటి ముక్క ఏదైనా ముందు విడి బేసిన్లో కొన్నాళ్లు ఉంచాలని ఈ వరసకు నేర్పింది నేనే. కానీ పేరంటం ముక్కను బేసిన్లో పడేస్తే అవమానం. పడెయ్యలేదు. మా ఇంట్లో ఉన్నది తల్లితొట్టి ఒక్కటే, పళ్లు కొరుక్కుంటూ అందులోనే పెట్టాను. బదులుగా మా తొట్టి మూలలో సగం చచ్చి ఉన్న రాయిమొక్క, అంటే రాయి కట్టే పగడం, మొండెం ఒకటి ఆవిడకిచ్చాను. అంతకన్నా మంచిది ఇవ్వబుద్ధి కాలేదు.

కార్తీక బహుళ దశమి

ముక్కను మర్నాడే తీసి పారేశాను. అది కూర్చున్న చోట రాయి మీద చిన్న గులాబి మరక మిగిలింది. ఆ మరకకు ఇవాళ వేళ్లొచ్చాయి. చప్పట్లు కొడుతోంది.

బ్లేడు తీసుకుని గీకాను. కోపంలో మోటారు ఆపడం మరిచిపోయాను. గీకిన తునకలన్నీ నా కళ్లముందే నీటివాలుకు లేచి తొట్టంతా చుట్టి వచ్చాయి. తునక పడ్డ చోటల్లా అంటుకుంటుంది ఈ దరిద్రం. ఒకదాన్ని చంపబోయి ఎన్నింటిని నాటానో తెలియదు.

నాకు ఇంత కంగారెందుకో ఆఫీసువాళ్లకు తెలియకపోదు, అయినా రాస్తాను. ఇనుమూ సిమెంటూ పోసి కట్టిన గోడలన్నిటినీ సముద్రం ఎప్పుడో తినేసింది. ఇప్పుడు మా ఇళ్లకూ సముద్రానికీ మధ్య ఉన్నది రాయిమొక్కలు ఎదిగి ఒకదాన్నొకటి పట్టుకుని కట్టిన గట్టు ఒక్కటే. మొన్నటి తుఫానుకు మా వరస కింద అది విరిగింది. మాఘ పౌర్ణమికి ఆ గండిలో నాటాలి. నాటడానికి ముక్కలిచ్చేది తల్లికొమ్మ. ముక్కలు లేని వరసను ఖాళీ చేయించి కొండ వెనక షెడ్లకు తోలేస్తారు. పడమటి వరసను అలాగే తోలేశారు. వాళ్ల ఇళ్లలో ఇప్పుడు పీతలు కాపురముంటున్నాయి.

మధ్యాహ్నం ఎప్పట్లాగే ఇంటింటి నుంచీ తొలిముద్ద తెచ్చారు. తాము తినేముందు మొదటి ముద్ద తల్లికి. పులుసన్నం, వేపుడు, ఏది వండితే అది. అందరూ తొట్టిలో వేసి దణ్ణం పెట్టుకుని వెళ్లారు.

మార్గశిర శుద్ధ పంచమి

సున్నం కలిపి సిరంజిలోకి ఎక్కించి కాడ మొదట్లో పొడిస్తే చప్పట్ల మొక్క నల్లబడి చస్తోంది. నిన్న అలా కొన్నింటిని చంపి హాయిగా నిద్రపోయాను. ఇవాళ అత్యాశకు పోయాను. అన్నిటి పనీ ఒకేసారి పడదామని గిన్నెడు సున్నం కలిపాను. నీళ్లు మజ్జిగ రంగుకు తిరిగాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. తల్లికొమ్మ తన నోళ్లన్నీ మూసేసుకుంది.

మా ఆయన ఎర్రయ్య గట్టు కింద మునిగి మొక్కలు నాటే మనిషి. పని నుంచి వచ్చినవాడు తడి బట్టలతోనే నాతో కలిసి బకెట్లతో నీళ్లు మార్చాడు. ఇద్దరికీ నడుములు పడిపోయాయి.

"దాన్ని సంపడానికి ఎల్లి తల్లినే సంపీసేలాగున్నావు," అన్నాడు. "కొంచెం కొంచెం సెయ్యే. పగంతా ఒక్కరోజులో తీర్చీసుకుంతావేటి?"

అవును, తీర్చేసుకుందామనే చూశాను.

మార్గశిర బహుళ తదియ

కొంచెం కొంచెంగానే చేస్తున్నాను. నేను పొద్దున్న చంపినదానికన్నా సాయంత్రానికి మొలిచేది ఎక్కువగా ఉంది. రాళ్లను బయటికి తీసి తోమాను. అద్దానికి అంటుకుంటే గోటితో లాగాను. ఎంత చేసినా బలిసి, నిగనిగలాడుతూ, చప్పట్లు కొడుతూనే ఉంది. ఎవరి నాశనానికో!

వరస తొట్టెలన్నిటికీ ఒకే సముద్రపు గొట్టం. పక్కింటి నుంచే తునకలు కొట్టుకొస్తున్నాయని నాకు ఖాయమైపోయింది. మా వైపు గొట్టం మూతికి పాత చీర గుడ్డ మడత పెట్టి కట్టాను. తర్వాత నడవలోకి వెళ్లి ఆవిణ్ని బయటికి పిలిచాను. వరస ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. రావాలనే గట్టిగా పిలిచాను.

"నీ తొట్టిలో ఉన్న ఆ మొక్కని సంపీ. ఇయ్యాలే," అన్నాను.

"అదేంటండీ, పేరంటంలో ఇచ్చిందాన్ని చంపమంటారా?" అంది సుభాషిణి. "మీకొద్దనుకుంటే మీరు తీసి పారేసుకోండి. మా తొట్టితో మీకేం పని?"

"నీ తొట్టిలోంచే నా తొట్టిలోకి వస్తన్నాది."

"వస్తుంటే చూశారా?"

"సూడక్కర్నేదు. నువ్వు రాకముందు నేదు, వొచ్చేక ఉన్నాది. ఊరు ముంచీడానికి దిగినావు, దరిద్రమా!"

ఆవిడ ముఖం ఎర్రబడింది. లోపలికి పోతుందనుకున్నాను, పోలేదు. "మీ తొట్టి కంపుకి మేం కిటికీలు మూసుకుని కూర్చుంటున్నామండీ. నేనొక్క మాటన్నానా?" అంది.

తల్లితొట్టి కంపు కొడుతోందట! నడవలో ఉన్నవాళ్లంతా చెవులు మూసుకున్నారు. ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆఫీసువాళ్లకూ ఇళ్లలో పిల్లలుంటారు.

పుష్య శుద్ధ ఏకాదశి

తల్లికొమ్మలో ఒక కొమ్మ తెల్లబడింది. మెత్తజాతి దాని మొదలును చుట్టేసి, వెలుతురు తగలకుండా పైన గొడుగు పట్టింది. ఆ తెల్లకొమ్మను చూస్తూ పీట మీద కూర్చుండిపోయాను. మా అత్త నాకు అప్పజెప్పినప్పుడు తల్లికొమ్మ నా పిడికిలంత ఉండేది. ఇప్పుడు నా చేతులు రెండూ చాపినా అందనంత ఉంది. పిల్లలు లేని ఇల్లు మాది. నేను పెంచింది దీన్నొక్కదాన్నే.

మా బావ పేరు గురువులు, ఎర్రయ్యకు అన్న, మా వరస ఇళ్లన్నిటికీ పెద్ద. కర్ర తాటించుకుంటూ వచ్చి చూశాడు.

"తల్లి నీరసించిపోయినాది," అని తేల్చాడు. "నేటి నుంచి ఇంటికి రెండేసి ముద్దలు తెండి. చేప ముక్కలు కూడా పెట్టండి. బలం కావాల."

తెచ్చారు. పాపం, తమ కంచాల్లో ముక్కలు తగ్గించుకుని మరీ తెచ్చారు. నేనూ మా ఇంటి ముద్ద రెట్టింపు చేశాను.

పుష్య బహుళ పాడ్యమి

ఇవాళ సుభాషిణి తొట్టిని చంపడానికి వెళ్లాను. సున్నం సిరంజి కొంగులో దాచుకుని, తలుపు తోసుకుని లోపలికి నడిచాను. ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా జబ్బ పట్టుకుంది. విదిలించుకున్నాను. అప్పుడు తొట్టి వైపు చూశాను, చేతిలో సిరంజి చేతిలోనే ఉండిపోయింది.

నీళ్లు గాలిలా ఉన్నాయి. చప్పట్ల మొక్క ఉంది, వచ్చిన రోజున ఎంత ఉందో అంతే ఉంది. బక్కగా, పాలిపోయి, బలవంతం మీద చప్పట్లు కొడుతోంది. పక్కనే ఒక రాయిమొక్క, నాలుగు కొసలు వేసి, నీలంగా.

"ఇది ఎక్కడిది?" అన్నాను.

"మీరిచ్చిందేగా. చచ్చిందాన్ని ఇచ్చారని ఆ రోజే తెలుసులెండి నాకు."

తొట్టి అద్దానికి ముఖం ఆనించి చూశాను. "ఏటి పెడతన్నావు దీనికి?" అన్నాను.

"ఏం పెట్టాలి?"

"తొలిముద్ద పెట్టవా?"

"ఛీ, అన్నం మెతుకులు నీళ్లలో ఎవరేస్తారండీ, మురిగిపోవూ?" అంది. "నాకసలే వాసనలు పడవు. దీపం వెలుగుతోంది, నీళ్లు తిరుగుతున్నాయి, అంతే. దానికి తీరికెక్కడిది నాకు?"

ఆవిడకేదో తెలిసి చేసింది కాదు. వాసన పడక, బద్ధకించి ఊరుకుంది. అదే నాకు మరీ మంటెత్తించింది. ఇంటికొచ్చి తల్లితొట్టి వెనక చెయ్యి పెట్టి నీళ్లలో మురుగు కొలిచే మీటరు కోసం వెతికాను. మా మామ దాని నోటికి గుడ్డ కట్టాడు. ముద్ద వేసినప్పుడల్లా కుయ్యోమని అరిచేదట, అపశకునమని కట్టాడట. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ గుడ్డను దులిపి శుభ్రం చేస్తున్నానే తప్ప ఎందుకు కట్టారని అడగలేదు. ఇవాళ విప్పాను. ఆపకుండా అరిచింది.

రాయిమొక్క మురుగులో బతకదు. మెత్తజాతికి మురుగే విందు. ఇన్నాళ్లూ మా కడుపులు మాడ్చుకుని మేం మేపింది దాన్ని.

పుష్య బహుళ పంచమి

ముద్దలు నేనే వేస్తానని అందరి దగ్గరా పళ్లాలు తీసుకుని, వెనక కిటికీలోంచి కాకులకు వేశాను. మూడో రోజుకు బావ చూశాడు. పట్టపగలు, నడవ నడిబొడ్డున నన్ను నిలదీశాడు.

"తల్లి కూడు కాకులకేస్తావేటే?"

"ఆ కూడే తల్లిని సంపుతున్నాది బావా. మీటరు ఇప్పి సూడు. పక్కింటిదాని తొట్టి సూడు."

"మా అయ్య కాలం నుంచి పెట్టిన ముద్ద ఇయ్యాల ఇసమైపోయినాదేటి? ఆ తెనాలామె మందు పెట్టినాది నీకు."

"ఒక్క పది రోజులు ఆపండి. నాను సెప్పింది అబద్ధమైతే నన్నే గట్టు మీంచి తోసీండి."

ఎవరూ వినలేదు. ఎలా వింటారు? మొన్నటిదాకా ఆవిడ తొట్టిదే తప్పని గొంతు చించుకున్నది నేను. రేపటి నుంచి మా ఇంట్లో తల్లితొట్టి ఉన్న గది తాళం తనదేనని బావ చెప్పేసి వెళ్లాడు. రేపు ఆయన చేతికి తాళం వస్తే మళ్లీ రెండేసి ముద్దలు. మెత్తజాతిని ఇప్పుడు ఒక్కసారిగా చంపినా లాభం లేదు. అంతా కలిసి చచ్చిందంటే దాని విషంతోనే తల్లి పోతుంది.

అందుకే ఈ రాత్రే బతికున్న కొమ్మలను విరిచాను. ఎర్రయ్య తొట్టి మీద దీపం పట్టుకున్నాడు, నేను పటకారుతో ఒక్కొక్కటే విరిచాను. విరిగినప్పుడల్లా టక్కుమని చప్పుడు. నా వేళ్లు విరిచినా అంత బాధ ఉండేది కాదు. మోటారు ఆపడం మాత్రం ఈసారి మరిచిపోలేదు. బకెట్లో కొమ్మలతో సుభాషిణి గుమ్మం ముందు నిలబడ్డాను.

ఆవిడ బకెట్ చూసింది, నన్ను చూసింది, లోపలికి రమ్మనలేదు.

"నలుగురిలో నన్ను దరిద్రం అన్నారు," అంది.

"అన్నాను."

"ఇప్పుడు నా తొట్టి కావాల్సొచ్చింది."

"కావాల. నీక్కూడా కావాల. ఈ వరస పోతే నువ్వూ షెడ్డుకే."

ఆలోచించింది. "పెట్టుకోండి. కానీ మా చప్పట్ల మొక్కని చంపడానికి వీల్లేదు. అది మా అమ్మ ఇచ్చింది. పెట్టుకుంటే రెండూ ఉండాలి, లేకపోతే బకెట్ పట్టుకెళ్లండి."

ఆ బకెట్ ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించింది. బోర్లించలేదు. మెత్తజాతి పాక్కుంటూ పోవాలంటే రాయి ఉండాలి, ఒట్టి ఇసుక దాటలేదు. చప్పట్ల మొక్క ఉన్న రాయిని తీసి, నాలుగువైపులా ఇసుక వదిలి నడిమధ్యన పెట్టాను. కొమ్మలను దూరంగా అద్దం వారన నిలబెట్టాను. థాంక్స్ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

మాఘ శుద్ధ ద్వాదశి

కొమ్మలు విరిచినందుకు నన్ను వరసలో దొంగ అంటున్నారు. నాతో ఎవరూ మాట్లాడరు. బావ తల్లితొట్టిలో మిగిలిన మొదలుకు రెండేసి ముద్దలు వేయించాడు. ఇప్పుడు అందులో తల్లి లేదు. అద్దం నిండా గులాబి చేతులు, చప్పట్లే చప్పట్లు.

సుభాషిణి తొట్టిలో కొమ్మలు పుండ్లు మాన్చుకున్నాయి. రోజూ వెళ్లి చూస్తాను. ఆవిడ టీ ఇవ్వదు, నేను కూర్చోను. ఇసుక దాటి ఒక తునక వచ్చిందేమోనని ఇద్దరం పక్కపక్కన నిలబడి వెతుకుతాం.

మాఘ శుద్ధ చతుర్దశి

రేపు నాటడం. ఇవాళ సాయంత్రం వరసంతా పళ్లాలతో సుభాషిణి గుమ్మానికి బయలుదేరింది. తల్లి ఇప్పుడు ఆ ఇంట్లో ఉంది కాబట్టి నాటే ముందు సాగనంపు ముద్ద అక్కడే పెట్టాలని బావ పిలుపిచ్చాడు. పరమాన్నం, పులిహోర, చేపల పులుసు, గారెలు. అంత చిన్న తొట్టిలో అదంతా పడితే తెల్లారేసరికి కుళ్లు కాలవ. నాటడానికి ఒక్క ముక్క మిగలదు.

సుభాషిణి బెదిరిపోయింది. "ఇంతమందిని నేనెలా ఆపేదండీ?" అంది.

ఆవిణ్ని లోపలికి పొమ్మని, గడపకు అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కూర్చున్న మనిషిని దాటడం మావాళ్లు చెయ్యరు. తల్లికని ఎత్తిన ముద్దను వెనక్కి తీసుకుపోవడమూ చెయ్యరు. ఆ రెండూ నాకు తెలుసు.

"లెగు," అన్నాడు బావ.

"నెగను. పెట్టేది ఇటు పెట్టండి."

చెయ్యి చాపాను. ముందు వరసలో ఉన్న ముసలమ్మ ఏం చెయ్యాలో తోచక ముద్ద నా చేతిలో పెట్టింది. అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాను. ఎవరో కెవ్వుమన్నారు. తల్లి ముద్దను మనిషి తినడం గట్టు మీద ఎప్పుడూ జరగలేదు. రెండో ముద్ద తిన్నాను. తిట్టారు. తిట్లతో పాటు ముద్ద కూడా పెట్టారు, ఎత్తిన ముద్ద దించకూడదు మరి. తీపి మీద పులుపు, పులుపు మీద చేప. కొందరు పంతానికి పెద్ద పెద్ద ముద్దలు కలిపారు. తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు కారింది, తిన్నాను. ఒకావిడ నా ముఖం చూడలేక చిటికెడంత పెట్టి తల దించుకుని వెళ్లిపోయింది.

చివర బావ మిగిలాడు. ఆయన ముద్ద కొబ్బరికాయంత ఉంది.

"ఇది తిన్నావంటే ఈ వరసలో నీ చేతి నీళ్లు ఎవరూ తాగరు," అన్నాడు.

"తాగకండి. ఇళ్లుంటాయి కదా, మీ ఇళ్లల్లో తాగండి."

నా వంకే చూస్తూ పెట్టాడు. ఆయన వంకే చూస్తూ తిన్నాను.

మాఘ పౌర్ణమి

నిన్న సాయంత్రం నుంచీ ఈ గడప మీదే ఉన్నాను, కొమ్మలు బయటికి పట్టుకెళ్లడానికి ఒక వారకు జరిగానంతే. లేవలేను. కడుపు బండ కట్టేసింది, ఒళ్లంతా చెమట. తల్లితొట్టి చూసుకునే మనిషే గట్టు మీద మొదటి ముక్క అందించాలి. అది ఇన్నేళ్లూ నేనే అందించాను. ఇవాళ నన్నెవరూ పిలవలేదు. పిలిచినా నడవలేకపోయేదాన్ని. సముద్రం వెనక్కి తీసిన వేళకు గట్టు మీద బూర ఊదడం ఇక్కడికే వినిపించింది.

ఎండెక్కాక ఎర్రయ్య తడి ఒంటితో వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"అన్నీ కూకున్నాయి," అన్నాడు. "ఒక్కటి జారనేదు. గండి మూసుకుంతాది."

"మొదటిది ఎవలందించినారు?"

"ఆ తెనాలామె. మీ బావే పిలిసినాడు."

నాకు ఏడుపొచ్చింది. సంతోషమో కుళ్లో విడదీసి చెప్పలేను. రెండూ ఉన్నాయి. ఏడిస్తే కడుపులో తిప్పింది. ఎర్రయ్య నా వీపు మీద చెయ్యి వేశాడు.

"కక్కీయే, తేలికవుద్ది."

తల్లి కోసమని వాళ్లు కడుపు కట్టుకుని కలిపిన ముద్దలవి. పళ్లు బిగపట్టుకుని, గడప పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మెతుకు కూడా కక్కలేదు.